పుట్టుమచ్చయు గాయపుమచ్చయు: చిల్లర నాణెముల పరీక్ష



మా ప్రత్తిపాడు గుంటూరు సీమలోని నల్లరేగడి నేలల నడుమ నున్నది. ఇచ్చటి రైతునకు సరుకు పరీక్షించుట యొకరు నేర్పవలసిన విద్య కాదు. చిటికెడు దూదిని రెండుచేతుల వ్రేళ్లతో మెల్లగా లాగి పీచు పొడవెంతయో చెప్పగలడు. మిరపకాయను చెవియొద్ద నాడించి, గింజల చప్పుడునుబట్టి అది చక్కగా ఎండినదో లేదో చెప్పగలడు. చెట్టుననే తెగులు తగిలి తాలైన కాయకును, కళ్లములో వానకు తడిసి మచ్చపడిన కాయకును గల భేదమును చూపుమాత్రముననే కనిపెట్టును. ఇంతటి పరీక్షకుడును, ఆ సరుకమ్మిన పిదప చేతికి వచ్చిన చిల్లరను మాత్రము చూడకయే జేబులో వేసికొనును.

చిల్లర విషయమున మన బజారులలో రెండు మాటలు తరచుగా వినబడుచుండును. ఒకటి, 'ఈ బిళ్ల చెల్లదు' అనునది. రెండవది, 'ఈ బిళ్లకు లక్షలు వచ్చును' అనునది. ఈ రెండు మాటలకును మూల మొక్కటే. నాణెముపై ఏదో వింత కనబడినది. అది యెట్లు వచ్చినదో చూచినవానికి తెలియదు. తెలియనిచోట భయమైనను పుట్టును, ఆశయైనను పుట్టును. భయమువలన పేదవాని కూలిడబ్బు వానిచేతనే నిలిచిపోవును. ఆశవలన ఉన్న డబ్బు మోసగానిపాలగును. కావున నాణెముపై నున్న వింత టంకశాలలో పుట్టుకతో వచ్చిన పుట్టుమచ్చయా, లోకములో తిరుగునపుడు తగిలిన గాయపుమచ్చయా, లేక అసలు మచ్చయే కాక ప్రభుత్వమువా రేర్పరచిన వేఱొక రూపమా యని తెలిసికొను మార్గమును ఈ ప్రసంగమున మనవి చేయుదును.

నాణెములను పరీక్షించుట మన దేశమున ప్రాచీనమైన వృత్తి. కౌటిల్యుని అర్థశాస్త్రములో రూపదర్శకుడను నుద్యోగి యున్నాడు. నాణెముల మంచిచెడ్డలు చూచుట యతని పని. తరువాతి కాలమున షరాబులు ఆ పని చేసిరి. 1835లో తూర్పు ఇండియా కంపెనీవారు ఏకరూపముగా ముద్రింపించిన వెండిరూపాయి 180 గ్రెయినుల బరువు గలది. అందు పండ్రెండు పాళ్లకు పదునొకండు పాళ్లు వెండి. అట్టి రూపాయి విలువ దానిలోని వెండినిబట్టి యుండెను గనుక, షరాబు దానిని రాతిపై మ్రోగించి చూచెడివాడు, త్రాసులో తూచెడివాడు, ఒక్కొక్కప్పుడు చిన్న ఉలితో గుర్తు వేసెడివాడు. నేటికిని పాత వెండిరూపాయలపై అట్టి గుర్తులు కనబడును. అవి టంకశాల దోషములు కావు, షరాబు పరీక్షకు సాక్ష్యములు. అట్లే సుగాలి స్త్రీల ఆభరణములలో చేరిన రూపాయలపై కొక్కెము అతికిన చోట టంకపు మరక మిగిలియుండును. అదియును గాయపుమచ్చయే.

నేటి చిల్లరలో వెండి లేదు. దాని విలువ లోహమునుబట్టి గాక ప్రభుత్వపు మాటనుబట్టి నిలిచియున్నది. అందుచేత మనము చూడవలసినది లోహ మెంత యున్నదని కాదు. మచ్చ యెట్లు వచ్చినదని.

మచ్చ పుట్టుక తెలియవలెనన్న నాణెము పుట్టుక తెలియవలెను. మన దేశమున ముంబాయి, కలకత్తా, హైదరాబాదు, నోయిడాలలో ప్రభుత్వ టంకశాలలు కలవు. హైదరాబాదు టంకశాల నిజాముల నాటిది. 1903లో సైఫాబాదునకును, 1997లో చర్లపల్లికిని మారినది. నాణెముపై సంవత్సరపు టంకెల క్రింద చూచినచో నక్షత్రపు గుర్తున్నది హైదరాబాదుది, వజ్రాకారపు గుర్తున్నది ముంబాయిది, గుండ్రని చుక్క యున్నది నోయిడాది. ఏ గుర్తును లేనిది కలకత్తాది. గుర్తు లేకపోవుట దోషమని కొంద రనుకొందురు. అది కలకత్తా టంకశాల పద్ధతి మాత్రమే.

టంకశాలలో మొదట లోహపు రేకునుండి గుండ్రని బిళ్లలను కత్తిరింతురు. వానిని కొలిమిలో కాల్చి మెత్తపరతురు. అంచును నొక్కి కొంచెము లేపుదురు. పిదప ఒక్కొక్క బిళ్లను రెండు ఉక్కు అచ్చుల నడుమ నుంచి బలముగా నొక్కుదురు. నొక్కునపుడు బిళ్ల ప్రక్కలకు వ్యాపింపకుండ దాని చుట్టును ఒక ఉక్కుకట్టు బిగించి పట్టుకొనును. అంచుమీది గాళ్లు ఆ కట్టువలన ఏర్పడునవే. రేకు, బిళ్ల, అచ్చు, కట్టు: ఈ నాలుగింటిలో దేనియందు లోపము కలిగినను ఆ లోపము తనకు తగిన గుర్తునే నాణెముపై విడుచును. ఒకదాని గుర్తు వేఱొకదానికి రాదు. పరీక్షకు ఆధారమిదియే.

ఇందు మొదటి సూత్రము: అచ్చులో పల్లము, నాణెముపై మిట్ట. అచ్చు లక్షలకొలది దెబ్బలు తిని చీలినదనుకొనుడు. ఆ చీలికలోనికి నాణెపు లోహము చొచ్చుకొనిపోవును. కాబట్టి నాణెముపై వెండ్రుకవంటి సన్నని గీత మిట్టగా లేచియుండును. అచ్చు అంచు విరిగిపోయినచో ఆ చోట నాణెముపై ముద్ర లేక, ఉబ్బెత్తుగా నొక ముద్ద నిలుచును. ఇవి పుట్టుమచ్చలు. మేకుతోనో రాతితోనో గీసిన గీతయన్న పల్లముగా నుండును. తవ్వబడిన లోహము గీతకు రెండుప్రక్కల చిన్న గట్లుగా లేచి, నాగటిచాలు ప్రక్కల మన్ను పడినట్లు కనబడును. గోటితో మెల్లగా తడిమినను తెలియును. మిట్టగీత యైన అచ్చును అనుమానింపుడు; చాలుగీత యైన బజారును అనుమానింపుడు.

రెండవది అంచు తెగిన నాణెము. రేకునుండి బిళ్లలు కత్తిరించునపుడు రేకు ముందునకు చాలినంత జరుగనిచో, కత్తి వెనుకటి రంధ్రముమీదికి పోవును. అప్పుడు బిళ్లలో ఒక ప్రక్క నెలవంక యాకారమున కొంత లోపించును. ఇట్టి బిళ్ల అంచు లేపు యంత్రములో పడినపుడు, లోపము గల ప్రక్క ఒత్తిడి లేదు గనుక దానికి సరిగా నెదుటనున్న ప్రక్కను గూడ ఒత్తిడి తగ్గును. ఫలితముగా తెగిన చోటికి ఎదుటి అంచు బలహీనముగా, ఒక్కొక్కప్పుడు మాసిపోయినట్లుగా నుండును. తెగినచోటి యక్షరములు గూడ ఆ ప్రక్కకు సాగినట్లుండును. కత్తెరతోనో ఆకురాయితోనో తరువాత తెగకోసిన నాణెమునకు ఎదుటి అంచు చెక్కుచెదరక యుండును. అక్షరము సగమునకు సూటిగా తెగియుండును. కావున తెగినచోటు చూచి తృప్తిపడక, ఎప్పుడును దాని యెదుటిచోటు చూడవలెను.

మూడవది, ముద్ర ప్రక్కకు తొలగిన నాణెము. బిళ్ల అచ్చుల నడుమ సరిగా కూర్చుండనిచో ముద్ర ఒక ప్రక్కకు పోయి, మిగిలిన ప్రక్క ఖాళీ లోహము నిలుచును. ఉక్కుకట్టు లేక ముద్రపడినచో నాణెము సాధారణపు కొలతకంటె వెడల్పై, అంచుమీద గాళ్లు లేక యుండును. అయినను ముద్రపడినంతమేరకు అక్షరములు స్ఫుటముగానే యుండును. సుత్తితో కొట్టిన నాణెమును, రైలుపట్టాపై నలిగిన నాణెమును గూడ వెడల్పగును. కాని వానియందు అక్షరములు నలిగి, చదునై, సాగిపోవును. దెబ్బ తిన్న ముఖమునకును, ముద్రపడిన ముఖమునకును గల భేద మిదియే.

నాలుగవది చాల వింతైనది. ముద్రితమైన నాణెము ఒక్కొక్కప్పుడు అచ్చునుండి ఊడక దానికే అంటుకొనియుండును. తరువాతి బిళ్ల వచ్చి ఆ నాణెమునకే ఒత్తుకొనును. అప్పుడు దాని యొకప్రక్క సక్రమమైన ముద్రయు, రెండవప్రక్క అదే ముద్ర అద్దములో చూచినట్లు తిరగబడి పల్లముగను పడును. రెండు ముఖములును స్పష్టముగా నున్నచో అది పుట్టుమచ్చ. ఇట్టిదానిని చూచి రెండు నాణెములను బిగింపుచట్రములో నొక్కి నకిలీ చేయువా రున్నారు. అట్టిదానియందు తిరగబడిన యక్షరములు అసలు ముద్రమీదనే పడి రెండును కలగలసియుండును. వెనుకప్రక్క ముద్ర ఒత్తిడికి చదునైయుండును.

అయిదవది ముద్ర తిరుగుడు. మన నాణెమును సింహముల ముఖము నిలువుగా నుండునట్లు రెండు వ్రేళ్లతో పట్టుకొని, పుస్తకపు పుట త్రిప్పినట్లు ప్రక్కకు త్రిప్పుడు. రెండవ ముఖము గూడ నిలువుగానే యుండవలెను. అది వాలియున్నచో అచ్చు తన స్థానములో కొంత తిరిగినదన్నమాట. టంకశాల వదలిన తరువాత దీని నెవ్వరును కల్పింపలేరు గనుక ఇది నిశ్చయముగా పుట్టుమచ్చయే. అయితే కొద్దిపాటి తిరుగుడు మన చిల్లరలో అరుదు కాదు. తలక్రిందులుగా తిరిగినదానినే సేకర్తలు ఆదరింతురు.

ఆరవది అస్పష్టత. అచ్చులో నూనెమడ్డి చేరినచో ఒక యక్షరమో అంకెయో నాణెముపై పడదు. ఆ చుట్టుపట్ల లోహము మాత్రము నున్నగా, సహజముగా నుండును. చేతులు మారి అరిగిన నాణెమునందు ముందుగా ఎత్తైన భాగములే అరుగును. ఆమ్లములో వేసిన నాణెము అంతటను ఒకేతీరున పలుచనై, బరువు తగ్గి, పైభాగము గరుకుగా నుండును. నిప్పులో పడినదానికి బొబ్బలును రంగుమార్పును కలుగును. మన యిండ్లలో నాణెములను చింతపండుతో తోముట కలదు. దేవుని పళ్లెములోని రూపాయకు అది శోభయే కావచ్చును గాని, పరీక్షింపవలసిన నాణెమున కది హాని. పైపొర పోయినచో సాక్ష్యము గూడ పోవును.

రెండు లోహముల పదిరూపాయల నాణెమున నడిమి బిళ్ల ఊడిపోవుట కలదు. ఊడినచోట వలయపు లోపలిగోడ నిటారుగా, అతుకు పడిన గుర్తుతో నుండును. నడిమి బిళ్ల లేకయే ముద్రపడిన వలయమునందైతే లోహము ఒత్తిడికి లోపలికి కొంచెము జరిగియుండును. ఇక రెండుప్రక్కల ఒకే ముఖము గల నాణెము 1975 నాటి 'షోలే' చిత్రము వలన దేశమంతట ప్రసిద్ధికెక్కినది. బజారులో కనబడునవి గారడీవారికై చేసినవి. ఒక నాణెమును లోపల తొలిచి, వేఱొకదాని ముఖమును పలుచగా కోసి అందులో అమర్తురు. అంచునకు లోపలిప్రక్క సన్నని అతుకుగీత కనబడును. రాతిపై వేసిన ధ్వని బొంగురుగా నుండును.

ఈ పరీక్షకు పెద్ద సామగ్రి అక్కరలేదు. ఒక భూతద్దము, ఒక అయస్కాంతము, కంసాలివారి చిన్న త్రాసు చాలును. ఉక్కుతో చేసిన రూపాయ, రెండురూపాయల నాణెములు అయస్కాంతమునకు అంటుకొనును. రాగి, నికెలు కలిసిన పదునొకండు కోణముల పాత రెండురూపాయల నాణెము అంటుకొనదు. అంటుకొనలేదని దానిని దొంగనాణెమనరాదు. 2011 శ్రేణిలో రూపాయ 22 మిల్లీమీటర్ల వెడల్పు, 3.79 గ్రాముల బరువు; రెండురూపాయలు 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు, అయిదురూపాయలు 23 మిల్లీమీటర్లు, 6 గ్రాములు, పదిరూపాయలు 27 మిల్లీమీటర్లు, 7.71 గ్రాములు. ఇందొక చిక్కు కలదు. 2011 నాటి రెండురూపాయల కొలతయు, 1992లో వచ్చిన ఉక్కురూపాయి కొలతయు ఒక్కటే. కొత్త రూపాయియు పాత ఉక్కు అర్ధరూపాయియు ఒకే వెడల్పు. వ్రేళ్ల స్పర్శను నమ్మి యిచ్చిపుచ్చుకొనువారు ఇచ్చట మోసపోవుదురు. తప్పు నాణెముది కాదు.

ఇది మూడవ తెగకు దారితీయుచున్నది: మచ్చయే కానివి. 2005-06 నాటి రెండురూపాయల నాణెముపై అడ్డముగను నిలువుగను ఖండించుకొను గీతలు చూచి చాలమంది తికమకపడిరి. అది భిన్నత్వములో ఏకత్వమును సూచించు రూపము. 2007లో బొటనవ్రేలు లేపిన చేయి రూపాయిమీదను, రెండు వ్రేళ్లు చూపిన చేయి రెండురూపాయల మీదను వచ్చినవి. అవి నృత్యములోని హస్తముద్రలు. పదిరూపాయల నాణెముపై కొన్నిట పదునైదు రేఖలు, కొన్నిట పది రేఖలు ఉన్నవి. 2010లో రూపాయి చిహ్న మేర్పడినందున 2011 నుండి ఆ చిహ్నము గల నాణెములు వచ్చినవి. అంతకు ముందువాటిపై అది లేదు.

ఈ పదిరూపాయల నాణెము మన సీమలో పెట్టిన బాధ యింతింత కాదు. ఒక సాయంకాలము మా బజారులో, మిరపకోతకు పోయివచ్చిన యొక వృద్ధురాలు నూనెకై రెండు పదిరూపాయల బిళ్ల లిచ్చినది. దుకాణదారుడు ఒకటి తీసికొని రెండవది త్రోసివేసెను.

"ఇది చెల్లదు మామ్మా, ఇంకోటి ఇయ్యి" అనెను.

"కూలిడబ్బుల్లో ఇదే ఇచ్చారు నాయనా. నేను ముద్ర వేసుకున్నానా?" అని ఆమె యడిగినది.

నేను ఆ రెండు బిళ్లలను తీసి చూచితిని. ఒకదానిపై పది రేఖలు, రెండవదానిపై పదునైదు. రెంటి క్రిందను నక్షత్రమే. రెండును హైదరాబాదులో పుట్టినవే. చిహ్నము లేని నాటిది ఒకటి, వచ్చిన తరువాతిది ఒకటి. ఆ మాట చెప్పి భూతద్దమిచ్చితిని. అతడు చూచి, "నేను తీసుకుంటానండీ, రేపు నా దగ్గర టోకువాడు తీసుకోడే!" అనెను. అతని మాటయందును సత్యము కలదు. ఒకని భయము ఒకని చేతిలో ఆగదు. కడపట అది నిలుచునది ఎవరికి వేఱు నాణెము లేదో వారి చేతిలో. ఆనాడతడు బిళ్ల తీసికొనెను. టోకువర్తకునితో ఆ మాట చెప్పెదనని గూడ అనెను.

భారతీయ రిజర్వు బ్యాంకువారు 2018 జనవరి 17వ తేదీన ప్రకటన చేసి, అప్పటికి వచ్చిన పదునాలుగు రూపముల పదిరూపాయల నాణెములును చెల్లునవే యని స్పష్టపరచిరి. చిహ్నమున్నను లేకున్నను భేదము లేదు. అర్ధరూపాయి నాణెము గూడ చెల్లునదే. చెల్లుబాటు పోయినవి 2011 జూన్ 30 నుండి ఉపసంహరింపబడిన పావలా, అంతకు తక్కువ నాణెములు. 2011 నాటి నాణెముల చట్టము ప్రకారము, రూపు చెరుపబడకయు, నిర్ణీతమైన బరువునకు తగ్గకయు ఉన్న నాణెము న్యాయమైన చెల్లింపు. రూపాయియు అంతకు పై నాణెములును వేయి రూపాయల మొత్తమువరకును, అర్ధరూపాయలు పదిరూపాయల వరకును ఆ విధముగా చెల్లును.

ఇక ఆశ సంగతి. వైష్ణోదేవి బొమ్మ గల 2012 నాటి నాణెము నింట నుంచుకొన్న లక్షాధికారి వగుదువని సెల్‌ఫోనులలో వార్తలు తిరిగినవి. ఆ దేవస్థానమండలి రజతోత్సవమునకై వచ్చిన నాణెమది. విస్తారముగా చలామణిలోనికి విడుదలయైనది. అచ్చుచీలిక గీత గల రూపాయి చూపి 'దీనికి అయిదులక్షలు, ముందుగా రుసుము పంపుము' అనువాడు నాణెమును కొనువాడు కాడు, మన అమాయకత్వమును కొనువాడు. రిజర్వు బ్యాంకు పేరు వాడుకొనియే యిట్టి మోసములు జరుగుచుండుటచే, ఆ బ్యాంకువారు 2021 ఆగస్టు 4వ తేదీన హెచ్చరిక చేసిరి. పాత నాణెములు, నోట్ల క్రయవిక్రయములతో తమకు సంబంధము లేదనియు, వానికై తా మెవ్వరిని రుసుమడుగ మనియు తెలిపిరి. ఈ యొక్క మాట ప్రతి యింటను తెలిసియున్న చాల సొమ్ము నిలుచును. నిజమైన టంకశాల దోషమునకు సేకర్తలయొద్ద ఆదరము లేకపోలేదు. తెగిన బిళ్లయు, ప్రక్కకు తొలగిన ముద్రయు, తిరగబడిన ముద్రయు వారికి ప్రియములే. కాని నిజముగా కొనదలచినవాడు మొదట నాణెమును చేతికి తీసికొని పరీక్షించును. మననుండి ముందుగా డబ్బు అడుగడు.

ఆశతో దోషమును చేతులార కల్పింప జూచువారికి గూడ ఒక మాట. నాణెములను కరిగించుట, నాశనము చేయుట ఆ చట్టము ననుసరించి నేరము. అట్లు చేసిన మచ్చ దాగునదియు గాదు. ఇంతకుముందు చెప్పినట్లు దెబ్బకు దెబ్బ గుర్తే యుండును గాని అచ్చు గుర్తు రాదు.

మీ గల్లాపెట్టెలో వింతనాణెము కనబడినపుడు మూడు ప్రశ్న లడుగుడు. గీత మిట్టయా, చాలా? తెగినచోటి కెదుటి అంచు ఎట్లున్నది? ఇది దోషమా, లేక ఏ సంవత్సరపు రూపమైనను అగునా? ఈ మూడింటికి సమాధానము దొరకువరకు 'చెల్లదు' అనవలదు, 'లక్షలు' అనవలదు. పుట్టుమచ్చ గల నాణెమైనచో భద్రముగా కాగితములో చుట్టి యుంచుకొనుడు. నలుగురి చేతులు మారి అరిగి మాసినదైనచో, రూపును బరువును నిలిచియున్నంతకాలము, అది కష్టపడి తెచ్చినవారి చేతినుండి మారుమాట లేక తీసికొనుడు.